కోళ్ళకు గూడు మార్చిన రాత్రి

డిండోలి, సూరత్
డిసెంబరు 5, రాత్రి

అమ్మకు నీ చిన్నబిడ్డ రుచిత దండాలు పెట్టి రాసేది.

ఈ ఉత్తరం ఇవాళే రాసి రేపు పొద్దున స్పీడ్ పోస్టులో వేయాలి. పదహారో తారీఖు నుంచి బాపుకు మళ్ళీ రాత్రి పాలీ, తెల్లారేదాకా పని. ఈసారి ఆయన రాత్రి కార్ఖానాకు వెళితే, వెళ్ళిన మనిషి వెళ్ళినట్టే తిరిగి వస్తాడన్న నమ్మకం నాకు లేదు. అందుకే రాస్తున్నాను. ఎందుకో వరసగా చెబుతాను, కంగారు పడకుండా విను.

విజేత టీచర్ గారూ, మీకు నమస్కారం. ఈ ఉత్తరం అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు మీ అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చదవండి. అమ్మ తోడుగా వచ్చి ఉంటున్న మా సంతోషి అక్కకు ఎనిమిదో నెల, రక్తం తక్కువగా ఉంది, ఈ సంగతి ఆమె చెవిన పడకూడదు. పరమేశ్వర్ బావ అడిగితే కోళ్ళ గురించి రాసిందని చెప్పండి. అది అబద్ధం కాదు, కోళ్ళ గురించి కూడా రాస్తున్నాను.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు అని మొదలుపెట్టడమే నువ్వు నేర్పిన పద్ధతి. నేను బాగున్నాను. కోళ్ళు ఆరూ బాగున్నాయి. బాపు తింటున్నాడు, పనికి పోతున్నాడు. అంతకు మించి క్షేమం అనే మాట రాయడానికి ఈసారి నాకు చెయ్యి రాలేదు.

ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటావు. బావ ఫోను స్పీకర్ పెడితే వాకిట్లో బీడీలు చుట్టుకునే అక్క అత్తకు కూడా వినబడుతుందని నువ్వే అన్నావు. అక్క సంగతులు నాకు చెప్పడానికి టీచర్ గారితో ఉత్తరాలు రాయించడం మొదలుపెట్టింది కూడా నువ్వే. ఇక్కడ చూస్తే, నేను నీతో మాట్లాడేటప్పుడు బాపు పక్కనే కూర్చుంటాడు. టీచర్ గారి ఫోనుకు వాయిస్ పెడదామని మొన్న కాలేజీ మెట్ల మీద కూర్చుని మూడుసార్లు రికార్డు చేశాను. మూడుసార్లూ సగంలో ఏడుపు వచ్చింది, తీసేశాను. కాగితం మీదైతే ఏడ్చినా అక్షరం ఆగదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. పరీక్షలు జనవరిలో, ఫీజు కట్టేశాం. బియ్యం ఉన్నాయి. ఇంటి ఓనరు ఎల్లవ్వ కిరాయి గురించి ఏమీ అనలేదు గానీ కోళ్ళ గురించి మాత్రం రోజూ అంటుంది. కింద సందులో పాత గూడు ఉన్నన్నాళ్ళూ వాసన అని ఆమె గొడవ, మురికి మోరీ నీళ్ళు గూట్లోకి వస్తాయని మన గొడవ. దీపావళి ముందు పిల్లి రెండు కోడిపిల్లలను ఎత్తుకుపోయాక బాపే అన్నాడు, డాబా మీదికి మారుద్దామని. ఎల్లవ్వ ఒప్పుకుంది, పొద్దున ఐదుకు కూసే పుంజు గొంతు మాత్రం తన బాధ్యత కాదంది.

కొత్త గూడు బాపే కట్టాడు. కార్ఖానాలో పారేసిన చెక్క పెట్టెలు తెచ్చి, రేకు కప్పి, ముందు జాలీ కొట్టాడు. ఆదివారం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఎండలోనే పని చేశాడు. సాయంత్రం ఇంకో రెండు మేకులు కొట్టాల్సి ఉంటే, వెలుతురు పోయిందని లేచిపోయాడు. అప్పుడు ఇంకా ఐదున్నర. నాకు బాగానే వెలుతురు ఉంది. ఆ మాట నేను ఆ రోజు పట్టించుకోలేదు.

నువ్వు రాయించిన పద్ధతి తు.చ. తప్పకుండా చేశాం. పగలు మారిస్తే పాత చోటికే పరుగెత్తుతాయనీ, చీకటి పడి గంట గడిచాక పట్టుకోవాలనీ, లైట్ మాత్రం అస్సలు వేయొద్దనీ నువ్వు రెండుసార్లు రాయించావు. చీకట్లో కోడికి కళ్ళు ఆనవు, ఎక్కడ పెడితే అక్కడే కూర్చుంటుంది, తెల్లారి లేచాక అదే తన ఇల్లు అనుకుంటుంది అన్నావు. రెండు రెక్కలూ దగ్గరికి పట్టి చంకలో పెట్టుకోవాలి, అడ్డకర్ర మీద కాళ్ళు ఆనే దాకా వదలకూడదు, మూడు రోజులు తలుపు తీయకూడదు. అన్నీ ఒక చీటీ మీద రాసుకుని బాపుకు చదివి వినిపించాను. లైట్ వేయొద్దన్న మాట దగ్గర ఆయన ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత, మీ అమ్మకు కోళ్ళ సంగతి తెలుసు, అట్లనే చేద్దాం అన్నాడు.

ఒకటో తారీఖు రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాం. మెట్ల మీది బల్బు ఆర్పమని ఎల్లవ్వను అడిగితే, తలుపు సందులోంచి తల బయట పెట్టి, "ఏందే రుచితా, కోళ్ళకు గృహప్రవేశమా? నాకు పిలుపు రాలే, జర లడ్డూలన్న వస్తయా?" అంది. బాపు నవ్వుతూ, పొద్దున గుడ్డు పంపుతాలే అన్నాడు. ఆమె బల్బు ఆర్పి లోపలికి వెళ్ళింది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అప్పటిదాకా మేము నవ్వుకుంటూనే ఉన్నాం అమ్మా.

సూరత్‌లో చీకటంటే పూర్తి చీకటి కాదని నీకు తెలుసు. రైలు పట్టాల వైపు దీపాలు, పక్క సొసైటీ దీపాలు, ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. మెట్లు కనబడుతున్నాయి, గోడ కనబడుతోంది. బాపు బొల్లి పెట్టను చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. నేను ఎర్ర పెట్టను పట్టుకుని వెనక. ఆయన పెదవుల మధ్య ఏదో గొణుగుతున్నాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే అంకెలు వినబడ్డాయి. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై రెండు దగ్గర మెట్లు అయిపోయాయి. ఆయన కాలు పైకెత్తకుండా సరిగ్గా అక్కడే చదునుగా వేశాడు.

మన డాబాకు మూడు వైపులే పిట్టగోడ ఉంది, నీకు గుర్తుండే ఉంటుంది. సందు వైపు ఇంకా కట్టలేదు, ఇనుప చువ్వలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. గూడు ఎడమ చేతి వైపు మూలకు ఉంది. బాపు పైకి ఎక్కి, నీళ్ళ ట్యాంకు పైపును మోకాలితో తాకి, కుడి వైపు తిరిగాడు. ఏదో తీసుకోవడానికి వెళ్తున్నాడనుకున్నాను. ఆగలేదు. మామూలుగా నడిచే నడకతోనే, కోడిని చంకలో పెట్టుకుని, గోడ లేని వైపు నడుస్తున్నాడు.

నా రెండు చేతుల్లో కోడి ఉంది. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి ఇంకో అడుగు వేస్తాడేమోనని భయం. మెల్లగా, "బాపూ, ఆగు" అన్నాను.

ఆగాడు. అక్కడినుంచి అంచు ఒక్క అడుగు.

"ఏంది బిడ్డా?" అన్నాడు.

"నీ ముందర ఏముంది బాపూ?"

"గూడున్నది. ఇంకేముంటది."

అమ్మా, ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో నీకు ఎలా చెప్పాలి. ఆయన ముందర ఏమీ లేదు. కింద సందు, మోరీ మీది బండలు, అంతే. నేను ఎర్ర పెట్టను అక్కడే నేల మీద పెట్టేశాను. నువ్వన్నట్టే అది కదలకుండా కూర్చుంది. రెండడుగులు వేసి బాపు అంగీ వెనక పట్టుకుని గుంజాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. బొల్లి పెట్ట ఆయన చేతిలోంచి జారి, రెక్కలు కొట్టి, మూరెడు దూరంలో కూర్చుండిపోయింది.

కింద నుంచి ఎల్లవ్వ, "ఏం పడ్డదే?" అని కేకేసింది. బకెట్ అని చెప్పాను.

అప్పుడు బాపు ఏం చేశాడో తెలుసా. పడిన మనిషి లేవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కోడి ఎటు పోయింది బిడ్డా అంటూ నేలంతా చేతులతో తడుముతున్నాడు. అది ఆయనకు చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఎడమ వైపు తడిమాడు, వెనక తడిమాడు. దాని తెల్ల మచ్చలు నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. కోడికి ఆయన కనబడడం లేదు, ఆయనకు కోడి కనబడడం లేదు. వాళ్ళిద్దరినీ చూస్తున్నది నేనొక్కదాన్నే. 

టీచర్ గారూ, ఇక్కడ కొంచెం ఆగండి. అమ్మకు మంచినీళ్ళు ఇవ్వండి.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. తడమడం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత, "చుక్కలు కనబడక మూడేండ్లాయె" అన్నాడు. మొదట చుక్కలు పోయాయట. తర్వాత రాత్రిపూట మనుషుల ముఖాలు. ఇప్పుడు దీపం సూటిగా మీద పడితే తప్ప రాత్రి ఏదీ ఆనడం లేదు. పగలు బాగానే ఉందంటాడు. దవాఖానకు పోదామన్నాను. "పోతే ఏదో పేరు పెడ్తరు. పేరు పెట్టినంక పనిల ఉంచుకోరు. గిప్పటిదాకా నడిచింది గద, నడవనీ" అన్నాడు. అమ్మకు చెప్పనని నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. ఆయనకేమైనా అవుతుందేమోనని రాస్తూ కూడా భయంగా ఉంది. రాయకపోతే అంతకన్నా భయంగా ఉంది.

మిగిలిన కోళ్ళన్నిటినీ నేనే ఒక్కొక్కటిగా మోశాను. బాపు మెట్ల చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఎక్కిన ప్రతిసారీ, ఎన్నోది బిడ్డా అని అడిగాడు. చివరిది పుంజు. దాన్ని అడ్డకర్ర మీద పెట్టి కాళ్ళు ఆనేదాకా పట్టుకున్నాను. 

పక్కరోజు చీకటి పడ్డాక ఆయన ఎలా వస్తాడో చూద్దామని రోడ్డు మలుపు దాకా వెళ్ళాను. ఏడున్నరకు బాపు, ఆయనతో పనిచేసే సోమలింగం కాక కలిసి వస్తున్నారు. కాక చెయ్యి బాపు భుజం మీద ఉంది. ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. గుంత దగ్గర ఆ చెయ్యి కొంచెం ఎడమకు నొక్కింది, బాపు ఎడమకు జరిగాడు. మోటర్‌సైకిల్ వస్తే ఆ చెయ్యి ఆపింది. ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరినీ చూసి నువ్వూ నేనూ నవ్వుకున్నాం కదా, ముసలితనంలో దోస్తీ ముదిరిందని.

మూడో తారీఖున కాకను చాయ్ బండి దగ్గర ఒంటరిగా పట్టుకున్నాను. మొదట ఏమీ లేదన్నాడు. డాబా సంగతి చెప్పాక తల పట్టుకున్నాడు. కార్ఖానాలో మరమగ్గం సాంచాలు బాపువీ కాకవీ పక్కపక్కనే. లైట్లు సగం కాలిపోయి ఉంటాయట. రాత్రి పాలీలో దారం తెగితే కాకే వచ్చి అందిస్తాడు, బాపు వేళ్ళతో ముడి వేస్తాడు. ముడి వేయడానికి ఆయనకు కళ్ళతో పని లేదు, ముప్పై ఏళ్ళ చెయ్యి అది. అసలు భయం కరెంటు పోయినప్పుడు. అన్ని సాంచాలూ ఆగిపోతాయి. ఎవరిది వాళ్ళు వెంటనే బటన్ ఆపాలి, లేకపోతే కరెంటు వచ్చిన క్షణంలో అవే మొదలవుతాయి. మృగశిర కార్తె రోజుల్లో ఒక రాత్రి అట్లాగే పోయిందట. బాపు చీకట్లో ఆపింది పక్క సాంచా బటన్. తనది ఆగిపోయిందనుకుని దారం మోసే నాడె సరి చేయడానికి చెయ్యి లోపల పెట్టాడు. కరెంటు వచ్చింది. కాక ఆయన్ని పక్కకు తోశాడు. ముంజేతి మీద రేకు కోసుకుందని మనకు చెప్పిన గాయం అదే అమ్మా. నువ్వు పసుపు పెట్టి కట్టు కట్టావు, రేకులు జాగ్రత్తగా పట్టుకోవాలని తిట్టావు. ఆయన తల ఊపాడు.

"నీకెందుకు చెప్పలే అంటే, మీ బాపు ఇజ్జత్ అది" అన్నాడు కాక. తర్వాత ఇంకో మాట చెప్పాడు. ఆయన కొడుకు హజీరాలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో పని ఇప్పించాడట. పదిహేనో తారీఖు ఇక్కడ లెక్క తీర్చుకుని వెళ్ళిపోతున్నాడు. ఆయన తప్పేమీ లేదు, మోకాళ్ళ నొప్పులతో నిలబడలేకపోతున్నాడు. కానీ పదహారు రాత్రి నుంచి బాపు పక్కన ఎవరూ ఉండరు. దారి సంగతైతే నేనే చెయ్యి పట్టి కార్ఖానా గేటు దాకా దింపగలను. లోపల పన్నెండు గంటలు ఎవరు పట్టుకుంటారు?

ఇంతవరకు రాసి నేను ఆగిపోయాను. బాపు వచ్చి, అమ్మకు ఏం రాస్తున్నవ్ బిడ్డా, చదువు అన్నాడు. చదివాను. పిల్లి కోడిపిల్లలను ఎత్తుకుపోయింది, గూడు కట్టాం, ఎల్లవ్వ గృహప్రవేశం అంది, మూడు రోజులు మూశాం. అవే చదివాను. ఆయన నవ్వుకుని, మంచిగ రాసినవ్ అన్నాడు. ఆయనకు అక్షరం రాదు కాబట్టి నేను ఏది చదివితే అదే ఉత్తరం. ఇప్పుడు అక్కడ నిద్రపోతున్నాడు. నేను ఇక్కడ మిగిలినది రాస్తున్నాను.

కోళ్ళ సంగతి పూర్తిగా చెప్పేస్తాను, నువ్వు అడిగావు కాబట్టి. ఇవాళ పొద్దున తలుపు తీశాను. సాయంత్రం అవి మళ్ళీ కింద సందులోకి దిగుతాయేమోనని మెట్లకు చెక్క అడ్డం పెట్టాను. ఆరు కాకముందే ఐదు లోపలికి వెళ్ళాయి. ఎర్రది మాత్రం అంచు దగ్గర నిలబడి పాత చోటు వైపు చాలాసేపు చూసింది. పట్టుకుని లోపల పెట్టాను. అలవాటు పడతాయి. కానీ అమ్మా, అవి ఒక్కొక్కటే లోపలికి వెళ్తుంటే, ఇప్పుడే కదా కార్ఖానాలో బాపుకు కూడా కళ్ళు మూసుకుపోయేది అనిపించింది. ఆయన మెట్ల కింద దగ్గే దాకా నేను డాబా దిగలేదు. రాత్రి లేచి లైట్ ఆర్పి, నా కళ్ళకు గోడ మీది క్యాలెండర్ కనబడుతుందో లేదో చూసుకుంటున్నాను. ఇది వంశంలో కూడా రావచ్చని ఫోన్‌లో చదివాను. కొన్ని రకాలకు మందు ఉందనీ, కొన్నింటికి లేదనీ ఉంది. ఏదో తెలియాలంటే డాక్టరు చూడాలి. రేచీకటి అంటారు, ఏడో తరగతి సైన్సులో ఉంది. ఒక మార్కు ప్రశ్న. నేను సరిగ్గానే రాశాను.

ఇక అసలు చెప్పాల్సినది. నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. బాపు ఫోన్‌లో ఎందుకు తక్కువ మాట్లాడుతున్నాడు, నీ మీద కోపమా అని అడిగావు. కోపం కాదు. నీకు దొరికిపోతాడని భయం. నేను కూడా ఈ మధ్య తక్కువే మాట్లాడాను. నా భయం వేరు.

దసరా ముందు కార్ఖానాలో సేఠ్ అందరికీ ఒక ఫారం ఇచ్చాడు. ఎక్కడో ఇంకో కార్ఖానాలో ఎవరికో వేళ్ళు తెగాయని, పనివాళ్ళందరి ఆరోగ్యం వివరాలు రాసిమ్మన్నారు. ఇంగ్లీషులో ఉంది. బాపు దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, మా బిడ్డ నింపుతది అని అందరికీ చెప్పి తెచ్చాడట. షుగరు ఉందా, బీపీ ఉందా, మూర్ఛ వస్తుందా. ఒక్కొక్కటి చదివి తెలుగులో చెప్పాను. తొమ్మిదో ప్రశ్న, తక్కువ వెలుతురులో చూపు ఇబ్బంది ఉందా అని. బాపు అటువైపు తిరిగి, లేదని రాయి అన్నాడు. నేను లేదు అన్న గడిలో టిక్కు కొట్టాను.

అమ్మా, నాకు అప్పటికే అనుమానం ఉంది. ఆ వారమే కరెంటు పోయినప్పుడు ఆయన చెంబులో కాకుండా చెంబు పక్కన నీళ్ళు పోయడం చూశాను. తలుపు ఎదురుగా ఉన్న చెప్పుల కోసం కాలితో వెతకడం చూశాను. పెన్ను ఆ గడి మీద పెట్టినప్పుడు ఆ రెండూ నాకు గుర్తొచ్చాయి. బాపూ, నిజం చెప్పు అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఉంది అని రాస్తే రాత్రి పాలీ తీసేస్తారు, రాత్రి పాలీ పోతే నా మూడో సంవత్సరం కాలేజీ ఆగిపోతుందని నా మనసుకు ముందు తోచింది. అది తోచిన వెంటనే టిక్కు కొట్టేశాను. మిగతా ప్రశ్నలకు ఆయన చెప్పాడని రాశాను, ఆ ఒక్క ప్రశ్నకు నాకు కావాలని రాశాను. కింద ఆయన వేలిముద్ర, దాని పక్కన నింపినవారు అన్నచోట నా సంతకం. చాలా అందంగా పెట్టాను.

మొన్న చాయ్ బండి దగ్గర కాక, "ఆ కాయిదం నువ్వే నింపినవట గద. మీ బాపు వారం రోజులు మురిసిండు, నా బిడ్డ గడగడ ఇంగ్లీషుల రాసిందని" అన్నాడు. చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాను.

రేపు ఆయనకు ఏమైనా అయితే సేఠ్ ఆ కాగితమే తీస్తాడు. చూపు బాగుందని ఆయనే చెప్పాడు, ఇదిగో వేలిముద్ర, ఇదిగో చదువుకున్న కూతురి సంతకం అంటాడు. అప్పుడు చెయ్యి పోయినా తప్పు బాపుదే అవుతుంది. మన ఇంట్లో మొదటిసారి బడికి వెళ్ళినదాన్ని నేను. నన్ను పంపడానికి సంతోషి అక్కను పన్నెండేళ్ళకే బీడీల దగ్గర కూర్చోబెట్టారు. నేను రాసింది నమ్మి బాపు ఆ సాంచాల మధ్య నిలబడుతున్నాడు. ఐదు రోజుల నుంచి కళ్ళు మూస్తే, ఆయన ఆ అంచు దగ్గర నిలబడి, గూడున్నది అంటున్నదే కనబడుతోంది.

నేను చేయాలనుకుంటున్నది చెబుతాను. సేఠ్ దగ్గరికి వెళ్ళి ఆ ఫారంలో నేను తప్పు రాశానని చెప్పి, వేరే ఫారం అడిగి నిజం రాసిస్తాను. పగటి పాలీ ఒక్కటే ఇవ్వమని, లేదా కూర్చుని దారం కండెలు చుట్టే పని ఇవ్వమని అడుగుతాను. ఒప్పుకోకపోతే పని పోతుంది. అప్పుడు కాలేజీ మానేసి రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరల దుకాణంలో బిల్లులు రాసే పనికి వెళ్తాను. అడిగి పెట్టుకున్నాను. దానికి నాకు బాధ లేదు. ఆ తర్వాత ఆయన్ని కళ్ళ డాక్టరుకు చూపిస్తాను.

కానీ ఇది ఆయన ఇజ్జత్ సంగతి. ఆయనకు తెలియకుండా నేను సేఠ్ ముందు నిలబడితే నన్ను ఎప్పటికీ క్షమించడేమో. ముందే చెబితే, ఒట్టు వేసి ఆపుతాడు. ఆయన ఎవరి మాటైనా వింటాడంటే అది నీ మాటే. అక్కను ఈ స్థితిలో వదిలి రమ్మని నేను అడగను, నువ్వు రావద్దు. నువ్వు ఆయనకు ఫోన్ చేసి, నాకన్నీ తెలిసినయి, బిడ్డ చెప్పినట్టు చేయి అని ఒక్క మాట అంటే చాలు. బావ లేని వేళ చూసి టీచర్ గారి ఫోను నుంచి చేయి. లేదా నేను అనుకున్నది తప్పైతే, వేరే దారి ఉంటే, అది రాయించు. నన్ను తిట్టాలనిపిస్తే అది కూడా రాయించు, ఏదీ దాచకు. బాపు చదవలేడు, నేను ఒక్కదాన్నే చదువుకుంటాను.

ఉత్తరం నీకు తొమ్మిదో తారీఖుకో పదో తారీఖుకో అందుతుంది. పద్నాలుగో తారీఖు సాయంత్రం లోపల నీ ఫోనైనా, ఉత్తరమైనా నాకు చేరాలి. ఆ రోజు పోస్ట్‌మ్యాన్ వచ్చి వెళ్ళేదాకా ఇల్లు కదలను. ఏదీ రాకపోతే పదిహేను పొద్దున నేనే సేఠ్ దగ్గరికి వెళ్తాను. నీ మాట వెంట ఉండి వెళ్ళడం వేరు, లేకుండా వెళ్ళడం వేరు. పద్నాలుగు దాటనీయకు అమ్మా.

ఇట్లు,
భయపడుతూ నీ జవాబు కోసం చూస్తున్న
నీ చిన్నబిడ్డ
రుచిత